ఏ చెవికి ఎంత ముప్పు

గత ఏడాది డిసెంబరులో ఒకరోజు మధ్యాహ్న భోజనం ముగించిన పిల్లలు బడి ఆవరణలో కొళాయి దగ్గర నీళ్లు తాగుతుండగా, ఏడో తరగతి అబ్బాయి ఒకడి నోటి ఎడమ మూల నుంచి నీళ్లు కారిపోయి చొక్కా తడవడం చూశాను. వాడు మళ్లీ దోసిలి పట్టాడు, మళ్లీ అలాగే అయింది. దగ్గరకు పిలిచి చూస్తే ఎడమ కన్ను పూర్తిగా మూతపడడం లేదు. నవ్వమంటే మూతి కుడివైపుకే లాగుతోంది. ఎన్నాళ్లయిందని అడిగితే, "మూడు రోజులైంది టీచర్, గాలి సోకిందని మా నాయనమ్మ పసరు రాసింది" అన్నాడు. ఆ మాట చెబుతూ తల తిప్పినప్పుడు వాడి ఎడమ చెవిలో కుక్కుకున్న దూది కనిపించింది. అది కొత్తగా పెట్టుకున్నది కాదు. ఆరో తరగతిలో చేరిన నాటి నుంచి ఆ చెవిలో దూదిని నేను చూస్తూనే ఉన్నాను, చూసి ఏమీ అనుకోలేదు.

నేను గుంటూరుకు దగ్గరలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఆ సాయంత్రమే వాడి తల్లిని పిలిపించాను. ఆవిడ మిర్చి గోదాములో తొడిమలు తీసే పనికి వెళుతుంది. పని దిగి నేరుగా బడికి వచ్చింది. "చెవి చిన్నప్పటి నుంచీ కారుతూనే ఉంటుందండీ. పెద్దయితే అదే పోతుందని మా ఊళ్లో మందులిచ్చే ఆయన చెప్పాడు. చుక్కలు వేస్తే తగ్గేది, మానేస్తే మళ్లీ వచ్చేది" అంది. మూతి వంకర పోవడానికీ చెవి కారడానికీ సంబంధం ఉండవచ్చని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు. నరాల డాక్టరుకు చూపించాలేమో అనుకుంటూనే మరునాడు పొద్దున్నే వాళ్లను వెంటబెట్టుకుని గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లాను. అక్కడ ఓపీ చీటీ చూసిన నర్సు వాడి చెవిలోని దూదిని గమనించి, ముందు చెవి, ముక్కు, గొంతు విభాగానికి వెళ్లమంది. ఆ ఒక్క చూపు వల్ల ఎన్ని రోజులు కలిసొచ్చాయో తర్వాత గాని నాకు అర్థం కాలేదు.

దూది తీయగానే గదిలో వాసన కమ్ముకుంది. ఎలుక చచ్చిన వాసన అంటామే, అలాంటిది. చీము మాత్రం దూది కొసకు అంటుకునేంతే ఉంది. మైక్రోస్కోపుకు తగిలించిన తెర మీద డాక్టరుగారు నాకూ ఆ తల్లికీ లోపలి భాగాన్ని చూపించారు. కర్ణభేరి నడిమధ్యలో రంధ్రం ఉంటుందనుకున్నాను గాని, అది పైభాగాన లోపలికి గుంటపడిపోయి ఉంది. ఆ గుంటలో తెల్లటి పొట్టు, ఉల్లిపొరల్లాగా ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంది. చర్మం ఉండకూడని చోట చర్మం పెరిగి, రాలిన పొర బయటకు వచ్చే దారి లేక లోపలే మేటవేస్తుందని, దీన్ని కొలెస్టియటోమా అంటారని, ఇది చుట్టూ ఉన్న ఎముకను కొద్దికొద్దిగా తినేస్తుందని ఆయన వివరించారు. ముఖాన్ని కదిపే నరం మెదడు నుంచి వచ్చే దారిలో మధ్య చెవి గోడలోని సన్నని ఎముక గొట్టంలోంచి వెళుతుంది. వీడి విషయంలో ఆ గొట్టం గోడ కరిగిపోయి, నరం చీముకు తగిలింది. మూతి వంకర పోవడానికి కారణం అదే. సీటీ స్కాన్ చేయించి, ఆ వారంలోనే చెవి వెనుక ఎముకను తొలిచి శుభ్రం చేసే మాస్టాయిడ్ ఆపరేషన్ చేశారు.

ముఖం కుదుటపడడానికి సంక్రాంతి దాటి, ఉగాది దాటి, వేసవి సెలవుల దాకా పట్టింది. ఆ చెవిలోని మూడు చిన్న ఎముకల్లో రెండు అప్పటికే కరిగిపోయాయి కాబట్టి వినికిడి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

ఈ సంగతి ఊళ్లో పాకగానే బడికి తల్లులు రావడం మొదలుపెట్టారు. నిన్న రాత్రి మా పాపకు చెవిపోటు వచ్చింది, దానికీ మూతి వంకర పోతుందా అని ఒకరు, రొంప పట్టినప్పుడల్లా మావాడు చెవి పట్టుకుని ఏడుస్తాడు, మెదడుకు ఎక్కుతుందా అని మరొకరు అడిగారు. ఒక తండ్రి నన్ను సూటిగా అడిగాడు: "మేడమ్, మీరు లెక్కల టీచరు కదా, నూటికి ఎంతమందికి ఇట్లా అవుతుందో చెప్పండి." ఆ రోజు నేను చెప్పలేకపోయాను. తర్వాత చదివి, ఆ డాక్టరుగారిని మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ముందుగా చెప్పవలసింది ఏమిటంటే, ఆ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు లేదు. చెవిపోటు అని మనం ఒకే పేరుతో పిలిచేవి నిజానికి రెండు వేర్వేరు జబ్బులు, రెండింటి ముప్పూ పొంతన లేనంత వేరు.

మొదటిది మా ఇంట్లోనే జరిగింది. తొమ్మిదేళ్ల క్రితం, మా అమ్మాయికి మూడేళ్లప్పుడు, నాలుగు రోజుల పడిశం తర్వాత ఒక రాత్రి రెండింటికి చెవి పట్టుకుని కేకలు పెడుతూ లేచింది. ఒళ్లు కాలిపోతోంది. మా అత్తయ్యగారు వెంటనే వెల్లుల్లి రెబ్బ వేసి నువ్వుల నూనె కాచారు. ఆవిడ పిల్లలందరినీ అలాగే పెంచారు, ఆ ఆదుర్దాలో ప్రేమ తప్ప మరొకటి లేదు. నూనె గోరువెచ్చగా అయ్యేలోపు పారాసిటమాల్ పని చేసి పాప నిద్రపోయింది కాబట్టి చెవిలో పోయలేదు. బ్రాడీపేటలో మాకు అలవాటైన పిల్లల డాక్టరుగారు పొద్దున్న చూసి, కర్ణభేరి ఎర్రబడి ఉబ్బిందని, నొప్పికి మందు వేస్తూ రెండు రోజులు కనిపెట్టి ఉండమని, తగ్గకపోయినా చీము కనిపించినా తీసుకురమ్మని చెప్పారు. యాంటీబయాటిక్ రాయనందుకు నాకు ఆయన మీద కోపం వచ్చింది. మూడో రోజు తెల్లవారేసరికి దిండు గలీబు మీద పసుపుపచ్చని మరక, పాప మాత్రం హాయిగా ఆడుకుంటోంది. కర్ణభేరి చిట్లి చీము బయటకు వచ్చేయడంతో లోపలి ఒత్తిడి పోయి నొప్పి తగ్గింది. అప్పుడు వారం రోజులు అమాక్సిసిలిన్ ఇచ్చారు. మూడు వారాల తర్వాత చూస్తే ఆ చిల్లు దానంతట అదే పూడిపోయింది.

పిల్లల్లోనే ఇది ఎందుకు ఎక్కువో చెప్పడానికి కోణమానిని ఒక్కటి చాలు. ముక్కు వెనుక భాగాన్ని మధ్య చెవితో కలిపే యూస్టేషియన్ గొట్టం పెద్దవాళ్లలో సుమారు 35 మిల్లీమీటర్ల పొడవుండి, దాదాపు 45 డిగ్రీల వాలుతో దిగుతుంది. పసిపిల్లల్లో దాని పొడవు అందులో సగమే, వాలు 10 డిగ్రీలకు మించదు. అంటే ఆ గొట్టం ఇంచుమించు అడ్డంగా పడుకుని ఉంటుంది. రొంపతో ముక్కు దిబ్బడ వేసినప్పుడు గొట్టం మూసుకుపోయి మధ్య చెవిలో ద్రవం నిలుస్తుంది, ముక్కులోని సూక్ష్మక్రిములకు అక్కడికి చేరడానికి ఎత్తు ఎక్కవలసిన పని ఉండదు. పసివాళ్లను వెల్లకిలా పడుకోబెట్టి సీసాతో పాలు పట్టవద్దని చెప్పేదీ ఇందుకే. మూడేళ్లు నిండేలోపు ఎక్కువమంది పిల్లలకు కనీసం ఒక్కసారైనా ఇది వస్తుందని విదేశాల్లో పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన వైద్యులు తేల్చారు.

ఇలాంటి చెవిపోటు నుంచి పెద్ద ప్రమాదం ఎంత తరచుగా వస్తుందన్న దానికి నేను చూసినవాటిలో అన్నిటికంటే స్పష్టమైన లెక్క బ్రిటన్‌లోని కుటుంబ వైద్యుల రికార్డులను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఉంది. అక్కడ చూసింది మాస్టాయిడైటిస్ అనే జబ్బును, అంటే చెవి వెనుక మనం తడిమితే చేతికి తగిలే ఎముకలోకి చీము పాకడాన్ని. యాంటీబయాటిక్ ఇచ్చిన ప్రతి 10,000 చెవిపోట్లలో 1.8, ఇవ్వని ప్రతి 10,000లో 3.8 ఆ జబ్బుకు దారితీశాయి. మందు ఇస్తే ముప్పు సగానికి తగ్గుతుందన్నది నిజమే. కాని తేడా 10,000కు రెండు మాత్రమే కాబట్టి ఒక్క బిడ్డను ఆ జబ్బు నుంచి తప్పించడానికి దాదాపు 5,000 మందికి మందు వేయాలి. వారు కచ్చితంగా కట్టిన అంకె 4,831. ఆ 4,831 మందిలో ఎంతోమందికి విరేచనాలు, దద్దుర్లు వస్తాయి, పైగా మందుకు లొంగని క్రిములు ఊళ్లో పెరుగుతాయి. మా డాక్టరుగారు ఆ పొద్దున్న ఎందుకు ఆగమన్నారో నాకు తొమ్మిదేళ్లు ఆలస్యంగా అర్థమైంది. మందు వేసినా వేయకపోయినా అరవై శాతం మంది పిల్లలకు మొదటి 24 గంటల్లోనే నొప్పి తగ్గుతుంది. అయితే ఆరు నెలల లోపు పసివాళ్లకు, రెండేళ్ల లోపు ఉండి రెండు చెవులకూ వచ్చినవాళ్లకు, 102 డిగ్రీలు దాటిన జ్వరమో తీవ్రమైన నొప్పో ఉన్నవాళ్లకు, చెవి కారుతున్నవాళ్లకు వేచి చూడడం వర్తించదు, మొదటి రోజే మందు ఇస్తారు. ఆగడమా వద్దా అన్నది చెవిలోకి చూసిన డాక్టరు తేల్చవలసిన విషయం, ఇంట్లో మనం తేల్చేది కాదు.

అదే అధ్యయనంలో మరొక సంగతి నన్ను ఆలోచింపజేసింది. మాస్టాయిడైటిస్ వచ్చిన పిల్లల్లో దానికి ముందు చెవిపోటుతో డాక్టరును కలిసినవాళ్లు మూడింట ఒక వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి నిన్నటి దాకా చెవి నొప్పి లేదు కదా అన్న ధీమా పనికిరాదు. చెవి వెనుక ఎర్రగా వాచి, ముట్టుకుంటే బిడ్డ విలవిల్లాడి, చెవి డొప్ప ముందుకీ కిందికీ తోసుకొచ్చినట్టు కనిపిస్తే, వెనుక నుంచి చూసినప్పుడు రెండు చెవులూ ఒకేలా లేకపోతే, అది తెల్లవారేదాకా ఆగదగిన విషయం కాదు.

మన తాతల కాలంలో ఈ లెక్క ఇలా ఉండేది కాదు. సల్ఫా మందులు, పెన్సిలిన్ రాకముందు ఆసుపత్రికి చేరిన చెవిపోట్లలో నూటికి 20 వరకు చెవి వెనుక ఎముక తొలిచే ఆపరేషన్ దాకా వెళ్లేవి. 1940ల చివరికి అది నూటికి 3 లోపుకు పడిపోయింది. మా మేనమామ ఒకాయన పెళ్లి కాకముందే తలనొప్పితో, జ్వరంతో, మెడ బిగుసుకుపోయి చనిపోయాడని మా అమ్మ చెప్పేది. ఆయన చెవి చిన్నతనం నుంచీ కారేదని కూడా చెప్పేది. ఈ రెండు వాక్యాలను ఆవిడ ఎప్పుడూ పక్కపక్కనే చెప్పింది గాని, మాలో ఎవరమూ వాటిని కలిపి వినలేదు.

ఇక రెండో జబ్బు. రెండు వారాలకు మించి చెవి కారుతూ ఉంటే అది రొంపతో వచ్చి పోయే చెవిపోటు కాదు, దీర్ఘకాలిక వ్యాధి. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 6.5 కోట్ల నుంచి 33 కోట్ల మంది దాకా చెవి కారే జబ్బుతో ఉన్నారు, వారిలో 60 శాతం మందికి వినికిడి చెప్పుకోదగినంత తగ్గింది. ఆ నివేదికలో భారతదేశం జబ్బు బాగా ఎక్కువగా ఉన్న దేశాల వరుసలో ఉంది. 2012లో వచ్చిన మరో అంచనా ఏటా 70.9 కోట్ల తాజా చెవిపోట్లు, 3.1 కోట్ల కొత్త దీర్ఘకాలిక చెవి జబ్బులు వస్తాయని, వీటి దుష్ఫలితాలతో ఏటా 21,000 మంది చనిపోతున్నారని చెప్పింది.

ఈ అంకెలను కలిపి భాగిస్తే దాదాపు 35,000 చెవి జబ్బులకు ఒక మరణం వస్తుంది. పిల్లలకు సరాసరి పాఠం చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ హెచ్చరించేది ఇక్కడ నిజమైంది. ఆ 35,000 అనే అంకె మా అమ్మాయి చెవికీ సరిపోదు, కొళాయి దగ్గర నేను చూసిన అబ్బాయి చెవికీ సరిపోదు. మందులు అందుబాటులో ఉన్న చోట మొదటిదాని ముప్పు అంతకంటే చాలా తక్కువ. ఏళ్ల తరబడి కారే చెవికి, అందులోనూ కొలెస్టియటోమా ఉన్న చెవికి, ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. మన దేశంలో చెవి నుంచి మెదడుకు చీము చేరి ఆసుపత్రుల్లో చేరేవాళ్లలో అధికులు ఈ రెండో వర్గం వాళ్లే. మధ్య చెవి పైకప్పు గుడ్డు పెంకంత పలచన, దాని మీదే మెదడు ఆని ఉంటుంది. వెనుక గోడకు ఆవల మెదడు నుంచి చెడు రక్తాన్ని దించే పెద్ద సిర ఉంటుంది. లోపలి వైపు వినికిడినీ ఒంటి తూకాన్నీ కాచే లోపలి చెవి ఉంటుంది. ఎముకను తినే జబ్బు ఏ గోడను ముందు తింటుందన్న దాని మీద మెనింజైటిస్ అనే మెదడు పొరల వాపు, మెదడులో చీముగడ్డ, సిరలో రక్తం గడ్డకట్టడం, కళ్లు తిరిగి పడిపోవడం, మూతి వంకర పోవడం ఆధారపడి ఉంటాయి. మావాడికి నరం వైపు గోడ ముందు పోయింది. బయటకు కనిపించే చోట బయటపడింది కాబట్టి సమయానికి చేరగలిగాడు.

చెవి కారే వాళ్లందరికీ కొలెస్టియటోమా ఉండదు. నీళ్ల లాగానో జిగురుగానో ఎక్కువగా కారుతూ, వాసన లేకుండా, కర్ణభేరి మధ్యలో చిల్లు ఉన్న రకంలో మెదడు దాకా వెళ్లే భయం తక్కువ. కొంచెమే కారుతూ కుళ్లు వాసన వేసేది, ఒక్కోసారి రక్తపు చార కనిపించేది ప్రమాదకరమైన రకం కావచ్చు. బయటి నుంచి చూసి ఇది ఆ రకం, అది ఈ రకం అని ఎవరమూ తేల్చలేం, మైక్రోస్కోపు కింద చూడవలసిందే.

నేను ఎక్కువగా బాధపడేది మరొక విషయానికి. మెదడు జబ్బులు అరుదు గాని, వినికిడి తగ్గడం అరుదు కాదు. కారే చెవి తెచ్చే అన్ని నష్టాల్లోకీ సర్వసాధారణమైనది అదే. ఆ అబ్బాయి మూడో బెంచీలో కిటికీ పక్కన, ఎడమ చెవి నల్లబల్ల వైపు ఉండేలా కూర్చునేవాడు. ఎక్కాలు అడిగితే పక్కవాడి మొహం చూసేవాడు. పరధ్యానం అని రెండుసార్లు నిలబెట్టాను. ప్రోగ్రెస్ కార్డు మీద "శ్రద్ధ పెట్టడం లేదు" అని నా చేత్తో రాశాను. వాడికి నా మాటలు సగం వినబడనే లేదని ఆసుపత్రిలో వినికిడి పరీక్ష గీత చూశాక తెలిసింది. ఆ కార్డు తెప్పించుకుని ఆ మాట కొట్టేసి, సంతకం పెట్టి తిరిగి ఇచ్చాను.

ఇంట్లో చేసే పనుల్లో కొన్ని మానుకోవాలని డాక్టరుగారు ఆ తల్లికి చెబుతుంటే నేనూ రాసుకున్నాను. కారే చెవిలో కాచిన నూనె, ఆకు పసరు పోయకూడదు. చిల్లు ఉంటే అవి నేరుగా మధ్య చెవిలోకి దిగి అక్కడే కుళ్లుతాయి. పిన్నీసుతో, అగ్గిపుల్లతో కెలకకూడదు. తలంటు పోసేటప్పుడు వాసెలిన్ రాసిన దూదితో చెవి మూయాలి, పోశాక తీసేయాలి. కాలువ ఈతలు, చెరువు మునకలు చెవి ఆరేదాకా వద్దు. మందుల షాపులో అడిగి చుక్కలు కొనడం గురించి ఆయన గట్టిగా చెప్పారు. జెంటామైసిన్, నియోమైసిన్ వంటివి ఉన్న చుక్కలు చిల్లుపడిన చెవిలోంచి లోపలి చెవికి చేరితే వినికిడికే హాని చేయగలవు. అందుకే కారే చెవికి సిప్రోఫ్లాక్సాసిన్ రకం చుక్కలు, అవి కూడా చీము తుడిచి ఆరబెట్టాకే వేయిస్తారు. చీము మీద చుక్కలు వేస్తే మందు చీములోనే నిలిచిపోతుంది. మెత్తటి గుడ్డనో దూదినో వత్తిలా చేసి చెవి అంచున పెట్టి, తడి పీల్చుకున్నాక తీసి, పొడిగా వచ్చేదాకా మార్చి మార్చి పెట్టాలని ఆయన స్వయంగా చేసి చూపించారు. చెవి కారే మనిషికి ఉన్నట్టుండి తలనొప్పి, వాంతులు, చలిజ్వరం, మెడ పట్టేయడం, మత్తుగా ఉండడం, కళ్లు తిరగడం, మూతి వంకర పోవడం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, కారడం ఆగిపోయి నొప్పి మొదలైనా, ఆ రోజే పెద్ద ఆసుపత్రికి చేర్చాలి.

చెవిపోటు తెచ్చే ముఖ్యమైన క్రిమి న్యూమోకాకస్‌కు టీకా 2021 నుంచి దేశమంతటా ఉచితంగా వేస్తున్నారు. బిడ్డకు ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిది నెలలకు మూడు డోసులు. ఇది చెవిపోట్లను కొంతవరకే తగ్గిస్తుంది గాని, అదే క్రిమి తెచ్చే న్యుమోనియాను, మెనింజైటిస్‌ను కాచుకోవడానికైనా వేయించాలి.

బడి పిల్లలను పరీక్షించడానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో మధ్య చెవి వ్యాధి పేరు స్పష్టంగా ఉంది. బృందం వచ్చిన రోజు పిల్లలు వరుసలో గబగబా వెళ్లిపోతారు, దూదిని ఇంట్లోనే తీసేసి వస్తారు, చెవి కారుతుందని తోటివాళ్ల ముందు ఎవరూ చెప్పరు. అందుకే ఈ ఏడాది జూన్‌లో బడి తెరవగానే నేను ఒక పద్ధతి మొదలుపెట్టాను. హాజరు పిలిచేటప్పుడు వారానికి ఒకరోజు పిల్లల వెనుక నిలబడి మెల్లగా పేర్లు పిలుస్తాను, జవాబు రానివాళ్ల పేర్ల పక్కన చిన్న చుక్క పెడతాను. రెండు వారాలు వరుసగా చుక్క పడితే విడిగా పిలిచి చెవి గురించి అడుగుతాను.

ఇప్పటికి నా పుస్తకంలో నాలుగు పేర్లు ఉన్నాయి. ఇద్దరికి గులిమి గడ్డకట్టి ఉందంతే, తీయించాం. ఆరో తరగతి పాప ఒకతెకు కుడి చెవి రెండేళ్లుగా కారుతోంది, వాళ్లమ్మ సోమవారం పని మానుకుని పెద్దాసుపత్రికి వస్తానంది. నాలుగో పేరు ఎనిమిదో తరగతికి వచ్చిన మా అబ్బాయిదే. ఆపరేషన్ చేసిన చెవిని ఆరు నెలలకోసారి శుభ్రం చేయించాలి కాబట్టి వాడూ సోమవారం మాతోపాటు వస్తున్నాడు. ఇప్పుడు మొదటి బెంచీలో ఎడమ గోడ వారగా, కుడి చెవి నా వైపు ఉండేలా కూర్చుంటాడు. ఆ చోటు వాడే ఎంచుకున్నాడు.